కూర్చోలేని మనిషి

లాఠీ విరిగింది గానీ తిప్పయ్య ఒప్పుకోలేదు.

ఒప్పుకోడానికి పాపం అతని దగ్గర ఏముంది గనక. గొర్రెలు మేపుకునే మనిషి. బయ్యన్నను ఎవరు నరికారంటే తెలీదన్నాడు, నువ్వే నరికావంటే కాదన్నాడు. ఆ రెండు మాటలకే అరికాళ్ళు పగిలి స్టేషన్ బండల మీద నెత్తురు మరకలు పడ్డాయి. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాఘవేంద్ర విరిగిన ముక్కను మూలకి విసిరేసి, ఇంకో లాఠీ కోసం కానిస్టేబుల్ ఆంజినప్ప వైపు చెయ్యి చాపాడు. ఆంజినప్ప ఇచ్చిన లాఠీ ఆ చేతిదాకా పోలేదు. మధ్యలో వనజాక్షి పట్టుకుంది.

వనజాక్షి సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్. పుట్టింది కదిరిలో, ఉద్యోగం హైదరాబాదులో. చచ్చిపోయిన బయ్యన్న మండలాన్నంతా ఒంటిచేత్తో ఆడించిన పెద్దమనిషి కాబట్టి హత్య కేసు పైకి పోయి ఆమె చేతికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ రాఘవేంద్రకి ఆమెను చూస్తే ఒళ్ళు మంట.

"తలుపు తట్టి రావల్ల మేడమ్," అన్నాడు.

"తట్టినా. ఈయప్ప అరుపుల్లో మీకు ఇనపల్లేదు."

"హంతకుని అరుపులు. దానికి మీరేం బాధపడాల్సిన పనిలేదు. ఫైలు మీకొచ్చేది రేపు. ఈ పొద్దుకి ఈడు నా ముద్దాయి. సాయంత్రం గుట్టకాడికి తీసకపోతాండా, కొడవలి యాడ పారేసినాడో చూపిస్తాడంట."

గోడకానుకుని ఉన్న తిప్పయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆంజినప్ప తలొంచుకున్నాడు. గుట్టకాడ కొడవలి చూపించడానికి పోయిన ముద్దాయి మళ్ళీ నడిచి తిరిగొచ్చిన దాఖలా ఆ సర్కిల్లో లేదు. పారిపోబోతే కాల్చామని కాగితం రాస్తారు, అంతటితో కేసు కంచికి. సాయంత్రంలోగా అసలు మనిషిని పట్టుకోకపోతే ఈ గొర్రెల కాపరి పీనుగై తిరిగొస్తాడు.

"రవంతసేపు నేను ఒంటిగా మాట్లాడాల," అంది వనజాక్షి.

"మాట్లాడుకోండి. మీకు కొడవలి ఇచ్చినా ఇస్తాడు," అని నవ్వుతూ బయటికి పోయాడు రాఘవేంద్ర.

ఆమె బండమీద కూర్చుని తిప్పయ్య నోటికి నీళ్ళ చెంబు అందించింది. "ఏమప్పా, ఆ పొద్దు ఏం జరిగిందో నాకు మొదట్నుంచీ చెప్పు."

"మొబ్బులోనే, కోడి కూయకముందే త్రీఫేజు కరెంటొచ్చిందమ్మా. బయ్యన్న మోటరెయ్యను వచ్చినాడు. బోరుకాడ బ్యాటరీ ఎలుగు కనపడె. రవంతసేపటికి కట్టెలు కొట్టే సప్పుడు ఇనపడె. ఇంత మొబ్బులో కట్టెలు కొట్టేదెవురబ్బా అనుకుంటి. అది మనిషిని కొట్టే సప్పుడని నాకేం తెల్సు."

"తర్వాత?"

"ఎవుడో పరిగెత్తుకోనొచ్చె. మొగానికి టవాలు. మంద సుట్టూ కట్టిన వల వానికి కనపల్లేదేమో, దగ్గరికొచ్చినాక ఎగిరి దూకబోయినాడు. కాలు తట్టుకోని కొయ్యమీద కుదేలుమని పడె. అమ్మా, ఆ అరుపు నేను పుట్టినాక ఇన్లేదు. గొర్లన్నీ బెదిరి వల తెంచుకోని పాయె. నేను గొర్లెనక పోతి. తిరిగొచ్చేతలికి వాడు లేడు."

"కొయ్య ఏమైంది?"

"కొస ఇరిగిండె. బాగుచేసి మల్లా కొట్టుకున్యా."

"ఇదంతా సి.ఐ.కి చెప్పినావా?"

"మనిషి మంద మీద పడినాడని చెప్తి. చెప్పినందుకే గదమ్మా ఈడ పడిండేది. కొయ్య సంగతి ఆయప్ప అడగలా." తిప్పయ్య నీళ్ళు మింగలేక దగ్గాడు, చెంబులో నెత్తురు పడింది. "మా ఆడమనిషి సుంకమ్మ ఒకతే ఉండాది మందకాడ. గొర్లు ఇడ్సిపెట్టి రాలేదు. ఆమెకు నేను బతికినానని చెప్పమ్మా."

"నువ్వే చెప్తువులే," అంది గానీ ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

*

బయ్యన్న చేనును పోలీసులు అప్పటికే జల్లెడ పట్టేశారు. చెనిక్కాయ పైరు సాళ్ళన్నీ తిరగేశారు, బోరు గుంతలో దిగారు, కంపల్లో దూరారు. ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. గొర్రెల మందను రాత్రిపూట చేనులో ఆపితే నేలకు ఎరువు. చుట్టూ కొయ్యలు పాతి, వల కట్టి, తెల్లారాక ఆ కొయ్యలన్నీ పీకి వల చుట్టుకుని ఇంకో చేనుకు పోవడం గొర్రెలోళ్ళ పద్ధతి. పైగా మనిషి నెత్తురు పడ్డ చేనులో ఎవడూ మంద ఆపడు. తిప్పయ్య ఆ పొద్దునే మకాం ఎత్తేశాడు. నేరం జరిగిన చోటులో ఒక భాగం మూటకట్టుకుని పక్క చేనుకు పోయిందన్న ఆలోచన ఒక్క పోలీసోడికీ రాకపోవడం చూస్తే వనజాక్షికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మంద ఇప్పుడున్నది వాగు అవతల బీడులో. సుంకమ్మ జీపును చూసి, పసి గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని లేచి నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది.

"బతికుండాడా అమ్మా?"

"ఉండాడు. సుంకమ్మా, నాకు ఈ కొయ్యలు సూడాల."

"కొయ్యల్లో ఏముండాది సూసేకి?"

వనజాక్షి మంద చుట్టూ నడిచింది. వల తాడు జారకుండా ప్రతి కొయ్యకీ పైన ఒక గాటు పెట్టి, గాటుకి పైన కొసను సన్నగా చెక్కి ఉంది. ఎండకి వానకి నాని గాట్లన్నీ బూడిదరంగుకి తిరిగాయి. ఒక్క కొయ్య గాటు మాత్రం తెల్లగా ఉంది. ఈ మధ్యనే కొడవలితో పెట్టిన గాటు. ఆమె అక్కడ మోకాళ్ళ మీద కూలబడి కొయ్యను ఊపి చూసింది.

"దీన్ని తిప్పయ్య తలకిందులు చేసి కొట్టినాడు, కదా?"

"ఔనమ్మా. కొస ఇరిగిపాయె గదా, ఇరిగిన పక్క భూమిలోకి పెట్టి, ఈ పక్క కొత్త గాటు పెట్టినాడు."

గడ్డపారతో ఇద్దరూ కొయ్యను పెకలించారు. భూమిలో ఉన్న కొస బయటికి వచ్చింది. పాత గాటు దగ్గర సగానికి చీలి విరిగిపోయి ఉంది. చీలికల మధ్య మట్టితో కలిసి అట్టకట్టిన నల్లటి మరక. అందులో ఇరుక్కుని నీలం జీన్స్ పోగులు.

"విరిగిన ముక్క యాడ దొరికింది మీకు?"

"దొరకల్లేదమ్మా. కొత్త కొయ్య కొట్టే తీరిక లేక శానా ఎతికినాము, అతికిచ్చి కట్టుకుందామని."

దొరకదు మరి. వనజాక్షి కొయ్యను గోనెపట్టలో చుడుతూ ఆలోచించింది. గాటు పైనున్న ఆ చెక్కిన కొస బొటనవేలంత లావు, వేలెడు పొడవు. అది భూమ్మీద లేదంటే మనిషి ఒంట్లో ఉంది. దూకి పడినవాడికి కొయ్య దిగేది తొడలకీ పిర్రలకీ మధ్యన. అట్లాంటి దెబ్బతో మనిషి ఆసుపత్రికి పోవాలి. కానీ అనంతపురంలో గానీ, రాయదుర్గంలో గానీ గాయాలతో కొత్త మనిషెవరూ చేరలేదని ఆమె ముందే విచారించింది. అంటే వాడు ఇంట్లోనే దాచుకున్నాడు. ఎందుకు దాస్తాడు? చంపినందుకు దొరికిపోతానని ఒకటి. రెండోది ఇంకా పెద్దది. మీసం మెలేసి తిరిగే మగాడు, ముడ్డికింద గొర్రెలమంద కొయ్య దిగిందని ఈ ఊళ్ళో ఎవరికి చెప్పుకుంటాడు? చెప్పుకున్న రోజునుంచి చచ్చేదాకా పిల్లకాయలు కూడా నవ్వుతారు. అంతకంటే చావే నయమనుకుంటాడు.

అట్లా కూర్చోలేని మనిషిని ఆమె నిన్ననే చూసింది. చూసి జాలిపడింది కూడా. తనమీద తనకే అసహ్యం వేసింది.

*

బయ్యన్న ఇంటి వసారాలో పరామర్శకి వచ్చినవాళ్ళంతా జంఖానా మీద కూర్చుని ఉన్నారు. స్తంభానికి ఆనుకుని, దుప్పటి కప్పుకుని, కిరణ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. బయ్యన్న అన్న కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే బయ్యన్న, బయమ్మ సాకారు. వాళ్ళకి పిల్లల్లేరు, వీడే కొడుకు.

బయమ్మ వనజాక్షిని చూసి లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. "సూడమ్మా వాణ్ణి. చిన్నాయన పెద్దకర్మ అయ్యేదాకా కూర్చోనని ఒట్టు పెట్టుకున్నాడు. అన్నం కూడా నిలబడే తింటాండాడు. దిగులుతో జొరమొచ్చె. నా మాట ఇనడు." ఆమె కళ్ళలో దుఃఖం ఎంతుందో గర్వం అంతే ఉంది. ఊరంతా ఆ ఒట్టు గురించే చెప్పుకుంటోంది.

మందులిచ్చే ఆరెంపీ శివప్ప సెలైన్ సీసా తగిలిస్తూ కనబడ్డాడు. వనజాక్షి అతన్ని పక్కకి పిలిచింది. "ఏం రోగం శివప్పా?"

"జిగట ఇరేచనాలు మేడం. ఊరికే బంక బంక పోతాంది. ఇప్పుడు పోయొస్తాడు, మల్లా వచ్చినట్టే ఉందంటాడు. మాత్రలిస్తే రవంత ఆగుతాది. ఉచ్చకి గూడా గడికోసారి పోవాల."

"జ్వరం?"

"పొద్దున దిగుతాది. మద్యాన్నం దాటితే చలి పుట్టుకొచ్చి మంచం అదురుతాది."

"పొత్తికడుపు నొక్కి సూసినావా?"

"నొక్కనియ్యడు మేడం. నడుం కిందికి చెయ్యి పోనియ్యడు."

ఈ లక్షణాలు వనజాక్షికి కంఠోపాఠం. కదిరిలో వాళ్ళక్క కాన్పైన తర్వాత సరిగ్గా ఇట్లాగే అయింది. చలిజ్వరం, జిగట విరేచనాలు, పొత్తికడుపులో పోటు. విరేచనాలే రోగమనుకుని కట్టడానికి మాత్రలు మింగించారు. లోపల చీముగడ్డ పండి పగిలాక గానీ పెద్దాసుపత్రికి తీసుకుపోలేదు. పేగు పక్కన చీము నిలబడితే అది పేగుని రేపుతుందమ్మా, అందుకే ఊరికే విరేచనం వచ్చినట్టుంటుంది, రోగం అది కాదు అని డాక్టరు చెప్పాడు. చెప్పేటప్పటికి అక్క పీనుగ మార్చురీలో ఉంది. ఆ మాట వనజాక్షి ఇన్నేళ్ళలో ఒక్కరోజు మరిచిపోలేదు.

ఆమె వసారాలోకి వచ్చి కిరణ్ ఎదురుగా నిలబడింది. వాడి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నడినెత్తిన ఎండ మండుతోంది.

"చిన్నాయన పోయిన పొద్దు మొబ్బులో యాడున్నావు?"

"ఇంట్లో పండుకోనుంటి."

"మీ చిన్నమ్మ నువ్వు లేవంటాంది." వనజాక్షి అబద్ధమాడింది.

వాడు బయమ్మ వైపు దొంగచూపు చూశాడు. "దొడ్డికి పోయింటా. కడుపు బాగలేదు."

"కడుపు చెడింది చిన్నాయన చచ్చినాక గదా. అంతకుముందే చెడిందా?"

జంఖానా మీది గుసగుసలు ఆగిపోయాయి. వనజాక్షి కుర్చీ లాగి వాడి ముందు పెట్టింది. "కూర్చో."

"ఒట్టుండాది."

"ఒట్టు తీసి గట్టున పెట్టు. ఒక్కసారి కూర్చుని లెయ్. నేను మీ చిన్నమ్మకి దండం పెట్టి ఎల్లిపోతా."

వాడి మొహంలో రంగు దిగిపోయింది. చెయ్యి వెనక్కి పోయి స్తంభం వెనక చూరులోంచి వేటకొడవలి లాగింది. జనం కేకలు పెడుతూ లేచారు. మొదటి వేటు వనజాక్షి మెడ మీదికే వచ్చింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ముంజేతి కండ చీలి నెత్తురు ఆమె మొహం మీదే చిమ్మింది. రెండో వేటుకి వాడు చెయ్యెత్తేలోగా ఆమె కుర్చీని రెండు చేతులా ఎత్తి వాడి మోకాళ్ళ మీద కొట్టింది. ఎముక పలికింది. కొడవలి జారిపోయి, వాడు గచ్చు మీద పిర్రల మీద కూలబడ్డాడు.

అప్పుడు అరిచాడు. తిప్పయ్య చెప్పిన అరుపు ఏమిటో ఆమెకి అప్పుడర్థమైంది. వసారాలో నిలబడినవాళ్ళు చెవులు మూసుకున్నారు. వాడు పక్కకి దొర్లి, కక్కుకుని, కళ్ళు తేలేశాడు. పంచె మీద పసుపుపచ్చ మరక పాకింది. ఆ కంపుకి ముందున్నవాళ్ళు వెనక్కి తగ్గారు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. రాఘవేంద్ర ఎగిరి దిగాడు.

"ఏం చేసినావు? జొరంతో ఉండే పిల్లోని మీద దెబ్బలా?" అన్నాడు. ఇప్పుడు మీరు, మేడమ్ ఏవీ లేవు.

"వీడు చచ్చిపోతాండాడు. కడుపు కింద చీము కూడింది. ఇప్పుడే అనంతపురం పోకపోతే రాత్రి దాటడు. జీపుకి దారి ఇడువు."

"యాడికీ పోయేది లేదు. శివప్ప ఈడే సూసుకుంటాడు."

"శివప్ప సూస్తే సస్తాడు."

"చావనియ్."

ఆ మాట అతని నోట్లోంచి జారిపడింది. జారిపడ్డాక అతనికే తెలిసింది. నిన్నటిదాకా కిరణ్ భుజం మీద చెయ్యేసి ఓదార్చిన మనిషి ఈరోజు వాడు చస్తే చాలనుకుంటున్నాడేమిటని వనజాక్షి అతని మొహంలోకి చూసింది. అతను ఆమె కాలరు పట్టుకుని గోడకేసి అదిమాడు. ఆమె నెత్తుటి చేత్తోనే అతని మూతి మీద గుద్దింది. పెదవి చిట్లింది. అతని చెయ్యి నడుం దగ్గరి రివాల్వర్ మీదికి పోయింది.

"నా ఇంట్లో తుపాకి తీస్తావా రాఘవేంద్రా?"

బయమ్మ మాట పెద్దగా లేదు. అయినా అందరికీ వినబడింది. ఆమె వచ్చి కిరణ్ తలను ఒళ్ళో పెట్టుకుంది. "మొగుడు పాయె. ఈడు గూడా పోతే నాకెవురుండారు? ఎత్తండ్రా వాణ్ణి. జీపులో ఎయ్యండి." బయ్యన్న మనుషులు పదిమంది ముందుకొచ్చారు. మొగుడు పోయిన బయమ్మ మాటకి అంతమందిలో అడ్డం నిలబడే ధైర్యం రాఘవేంద్రకి లేకపోయింది. పక్కకి జరిగాడు. చొక్కా చేత్తో మూతి తుడుచుకుంటూ, జీపు కదిలేదాకా వనజాక్షినే చూస్తూ నిలబడ్డాడు.

*

డాక్టర్ ప్రసూన నర్సింగ్ హోమ్‌లో ముందు వనజాక్షి చేతికి కుట్లు వేస్తామన్నారు. ఆమె గుడ్డ చుట్టుకుని, వాణ్ణి ముందు చూడమంది. రోగి బతికితేనే తిప్పయ్య బతుకుతాడు. ఇద్దరి ప్రాణాలూ ఇప్పుడు ఒకే మంచం మీద ఉన్నాయి.

ప్రసూన మాటలు తక్కువ, చేతులు చురుకు. కిరణ్‌ని పక్కకి తిప్పి చూసింది. మలద్వారం పక్కన చిన్న మచ్చ. పైన మూసుకుపోయి మామూలు గాయంలా ఉంది. గ్లవ్ వేసుకుని వేలితో లోపల పరీక్ష చేస్తుంటే స్పృహ లేని మనిషి కూడా మూలిగాడు.

"ఉంది," అంది. "పేగు ముందు గోడ లోపలికి ఉబ్బుకొచ్చింది. మెత్తగా, కాలిపోతూ ఉంది. పెల్విక్ ఆబ్సెస్. మూత్రాశయానికీ పేగుకీ మధ్య గుంతలో చీమంతా దిగి మూటకట్టింది. ఎన్నాళ్ళుగా విరేచనాల మందిస్తున్నారు?"

"మొదట్నుంచీ."

"బాగా చేశారు. రోగం ముదరడానికి ఇంతకంటే మంచి దారి లేదు." ఆమె నర్సు వైపు తిరిగింది. "రెండు చేతులకీ సెలైన్. యాంటీబయాటిక్స్ మూడూ ఇప్పుడే పోవాలి. ధనుర్వాతం ఇంజెక్షన్. మూత్రానికి గొట్టం వెయ్యి, మూత్రాశయం ఖాళీగా ఉండాలి. మత్తు డాక్టరుని పిలువు."

"ఇంజెక్షన్లకి కరగదా?" అడిగింది బయమ్మ. జీపులో కిరణ్ తల ఒళ్ళోంచి దించకుండా వచ్చింది.

"తొలి రోజుల్లో అయితే కరిగేదేమో అమ్మా. మూట కట్టాక మందు లోపలికి చేరదు. దారి చేసి బయటికి తియ్యాల్సిందే. తియ్యకపోతే అదే పగిలి కడుపంతా పాకుతుంది."

బయమ్మను బయట కూర్చోబెట్టారు. వనజాక్షి మాస్కు కట్టుకుని గోడ పక్కన నిలబడింది. ప్రసూన ముందు మలద్వారంలోంచే, ఉబ్బిన గోడలోకి పొడవాటి సూది గుచ్చి లాగింది. సిరంజిలోకి ఆకుపచ్చ చీము వచ్చింది. చోటు అదేనని తేలాక, సూది పక్కనే, బాగా మెత్తబడ్డ చోట కత్తి దించింది. చీము ఒక్కసారిగా చిమ్మి ఆమె గౌను తడిసిపోయింది. ట్రే నిండింది. చచ్చిన జంతువు కంపు గదంతా కమ్ముకుంది. నర్సు మొహం తిప్పుకుంది. ప్రసూన వేలు లోపలికి పోనిచ్చి చీము నిలిచిన అరలన్నీ ఒకటిగా కలుపుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇదేంటి, ఎముక కాదే," అని ఫోర్సెప్స్ అడిగింది.

వచ్చింది కొయ్యముక్క. నల్లగా నానిపోయి, వేలెడు పొడవుంది. ఒక పక్క సన్నగా చెక్కి ఉంది, ఇంకో పక్క సగం గాటు. వనజాక్షి గోనెపట్ట విప్పి, మందలోంచి తెచ్చిన కొయ్య చివర దాన్ని ఆనించింది. సగం గాటుకి సగం గాటు కుదిరింది. చీలికలు కూడా ఒకదాన్లో ఒకటి ఇమిడిపోయాయి. ఆమెకి గట్టిగా ఏడవాలనిపించింది.

"బతుకుతాడా?"

"చీము పోవడానికి గొట్టం పెడతాను. లోపలున్నది పోయింది కాబట్టి జ్వరం తగ్గాలి. పేగు చిల్లు పడలేదు, వాడి అదృష్టం. రాత్రి ఎవరూ వాణ్ణి కదిలించకపోతే బతుకుతాడు."

*

మత్తు దిగుతుండగా కిరణ్‌ని పక్కగదిలో పడుకోబెట్టారు. బయమ్మ మంచం పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. వనజాక్షి ముక్కను కవర్లో పెట్టి సీలు వేసి, కొయ్యను మళ్ళీ గోనెపట్టలో చుడుతుంటే గుమ్మంలో రాఘవేంద్ర నీడ పడింది. ఆమె రెండూ పట్టుకుని బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. అది పూర్తిగా మూతపడలేదు.

"వరండా చివర కిటికీలోంచి చూడు," అన్నాడు.

చూసింది. కింద జీపు. వెనక సీటు మధ్య తిప్పయ్య బోర్లా పడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. కొత్తగా తల కూడా పగిలింది. ఆంజినప్ప అతని వీపు మీద కాలు పెట్టి కూర్చున్నాడు.

"గుట్టకాడికి బయల్దేరినాము. ఆ కవరూ కొయ్యా నాకిస్తే మనిషిని ఈడే దించేస్తా. ఇయ్యకపోతే దోవలో వాడు పారిపోతాడు. నా చేతిలో ఏముండాది చెప్పు."

"డాక్టరు సాక్ష్యం ఉంది."

"ముక్క లేకపోతే డాక్టరు ఏం తీసిందని చూపిస్తావు కోర్టుకి?"

వనజాక్షి కవరును వీపు వెనక్కి తీసుకుంది. దీని కోసమే పొద్దుట్నుంచీ పరిగెత్తింది. దీన్ని ఇస్తే కేసు నేల మీద పడుతుంది. ఇవ్వకపోతే కింద మనిషి పోతాడు. సుంకమ్మ మొహం గుర్తొచ్చింది, గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని బతికుండాడా అని అడిగిన మొహం. ఆమె ఇంక ఆలోచించలేదు.

"ముందు దించు. తర్వాతే."

రాఘవేంద్ర కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆంజినప్ప తిప్పయ్యను కాళ్ళు పట్టి లాగి కింద పడేశాడు. తల మెట్టుకు కొట్టుకుంది. ఇద్దరు నర్సులు పరిగెత్తి లోపలికి లాగారు. వనజాక్షి కవరూ గోనెపట్టలోని కొయ్యా ఇచ్చింది. అతను సీలు చించి, కొయ్యముక్క తీసి బూటు కింద వేసి నలిపాడు. నానిపోయిన కొయ్య కాబట్టి పీచుపీచు అయిపోయింది.

"ఇంక ఆ లోపలి కుర్రోడు," అన్నాడు గొంతు తగ్గించి. "రాత్రికి శివప్పను పంపుతా. సెలైన్‌లో ఒక సూది చాలు. వాడు పోయినాక, చచ్చినోని మీద నిందేసినావని ఊరే నిన్ను తరుముతాది. ఈ గొర్రెలోడు యాడికి పోతాడు, రేపైనా నాకు దొరుకుతాడు." బూటు తుడుచుకుని, కొయ్యను చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆమె తలుపు తోసి లోపలికొచ్చింది. కిరణ్ కళ్ళు తెరిచి ఉన్నాయి. ఎంతసేపట్నుంచి తెరిచి ఉన్నాయో. మొహాన చెమట పట్టి ఉంది, చలి పోయింది.

"నాకూ సూదేనా?" అన్నాడు. పెదాలు తడారిపోయాయి. "మేడం, రాసుకోండి. ఇరేచనాలు కట్టించుకో, టౌనుకు పోవద్దని రోజూ చెప్పి పంపింది రాఘవేంద్రే. నేను సస్తే సాలనే, ఇప్పుడు తెలుస్తాంది. చిన్నాయన మీద మొదటి వేటు ఆయనదే. లాకప్పులో ఈయన ఒకణ్ణి చంపిన సంగతి చిన్నాయన కోర్టులో చెప్తానన్నాడని. నాకేమో చిన్నాయన పెద్దరికం కుర్చీ ఇప్పిస్తానన్నాడు రాఘవేంద్ర. నేను చిన్నాయన కదలకుండా కాళ్ళు పట్టుకున్యా. చిన్నాయన నా పేరు పిలిచినాడు. అయినా ఇడ్సలేదు."

విసనకర్ర ఆగిపోయింది.

వనజాక్షి అప్పుడు చూసింది బయమ్మ మొహం. పెన్ను వదిలేసి మంచం దగ్గరికి దూకింది, ఆలస్యమైంది. బయమ్మ వాడి దుప్పటి కింది నుంచి వచ్చే చీము గొట్టాన్ని ఒక చేత్తో, సెలైన్ గొట్టాన్ని ఇంకో చేత్తో పిడికిట్లో పట్టుకుంది. ఒక్క గుంజు చాలు. చీము కాదు, ఈసారి నెత్తురొస్తుంది.

"చిన్నమ్మా," అన్నాడు కిరణ్. ఆమె వినలేదు.

"ఈడు సచ్చిపోతే," అంది బయమ్మ, కళ్ళు వాడి మీంచి తీయకుండా, "కింద పడుండే ఆ గొర్రెలాయప్ప గతేంది?"

"కొయ్యా ముక్కా రెండూ పోయినాయమ్మా. వీడి నోరొక్కటే మిగిలింది. ఇది మూతబడితే ఆయనని గుట్టకాడికి తీసకపోతారు."

"రాఘవేంద్ర?"

"పైకి పోతాడు. ప్రమోషన్ వస్తాది."

బయమ్మ పిడికిళ్ళు ఇంకా బిగిశాయి. గొట్టంలో చీము కదలడం ఆగింది. కిరణ్ గుక్క తిప్పుకోలేక నోరు తెరిచాడు. వనజాక్షికి ఆమెను పట్టి లాగే ధైర్యం లేదు, లాగితే గొట్టాలు కూడా వస్తాయి. బయమ్మ చేతులు ఒక్కొక్క వేలూ విప్పి గొట్టాలు వదిలేసింది. లేచి పోయి, గది అవతలి గోడ కింద, వాడికి దూరంగా కూర్చుంది. వాడిని సాకిన చేతులు రెండూ కొంగుకి తుడుచుకుంది.

"మొదట్నుంచీ మల్లా చెప్పించు. నేను సాచ్చిసంతకం పెడతా," అంది. "పెన్ను కింద పడిండాది సూడమ్మా, తీసుకో."